తాడు లాగే హక్కు

ఉద్యోగ ప్రకటనలను పరిశీలించే వారికి ఒక కోరిక తరచుగా ఎదురవుతుంది. అభ్యర్థికి చొరవ ఉండాలి, సొంతంగా ఆలోచించగలగాలి, కొత్త మార్గాలు కనుగొనగలగాలి అని దాదాపు ప్రతి సంస్థా అడుగుతుంది. ఆ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టి, వ్రాత పరీక్ష, మౌఖిక పరీక్ష దాటి లోపల అడుగుపెట్టిన యువకుడికి తొలి వారంలోనే వేరొక పాఠం మొదలవుతుంది. ఫలానా కాగితం ఫలానా వారి సంతకం లేనిదే కదలకూడదు. ఫలానా ప్రశ్న ఫలానా అధికారిని అడగకూడదు. ‘ఇక్కడ మొదటి నుంచీ ఇలాగే జరుగుతోంది’ అన్న వాక్యం వినిపించిన తర్వాత ఇక చర్చ ఉండదు. ఐదేళ్లు గడిచాక అదే సంస్థ ఆ ఉద్యోగిలో చొరవ లోపించిందని నివేదిక వ్రాస్తుంది. చొరవతో వచ్చిన మనిషి చొరవ లేనివాడుగా ఎలా మారాడన్న ప్రశ్న మాత్రం ఆ నివేదికలో కనిపించదు.

ఇతరుల ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తన పనికి తానే లక్ష్యం ఏర్పరచుకొని, తన పొరపాటును తానే గుర్తించి, తన మనస్సును తానే ఆ పని వైపు మళ్లించుకోగల శక్తిని స్వీయ నాయకత్వం అంటారు. అమెరికాకు చెందిన చార్లెస్ మాంజ్ 1980ల్లో ఈ భావనను యాజమాన్య శాస్త్రంలో ప్రచారంలోకి తెచ్చాడు. నాయకత్వం అనగానే పదిమందిని వెంట నడిపించే వ్యక్తి కళ్ల ముందు మెదులుతాడు. ఇక్కడ నడిపేవాడూ నడిచేవాడూ ఒక్కడే. సృజనాత్మకత కూడా కవులకూ చిత్రకారులకూ మాత్రమే చెందిన వరం కాదు. రోజూ చేసే పనిలో ఒక అనవసరమైన కదలికను గమనించి దానిని తొలగించిన కార్మికుడిదీ సృజనే. తెరెసా అమబిలే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసింది. పని మీది ఆసక్తితో పని చేసేటప్పుడు మనిషిలో కొత్త ఆలోచనలు ఎక్కువగా పుడతాయని, ఎవరో వెనుక నిలబడి తప్పులు లెక్కపెడుతున్నారన్న స్పృహ ఆ ఆసక్తిని తగ్గిస్తుందని ఆమె పరిశోధనలు సూచించాయి. పరీక్ష హాలులో ఇన్విజిలేటరు వచ్చి ప్రక్కన నిలబడగానే కలం ఆగిపోయిన అనుభవం ఉన్నవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

అయినా మన సమాజంలో ఈ రెండింటినీ పుట్టుకతో వచ్చే గుణాలుగా చూసే అలవాటు బలంగా ఉంది. ఉన్నవాడికి ఉంటుంది, లేనివాడికి లేదు అని తేల్చివేయడం యజమానులకు సౌకర్యంగా కూడా ఉంటుంది. ఎందుకంటే అప్పుడు మారవలసింది ఉద్యోగి ఒక్కడే, సంస్థ మారనక్కరలేదు. ఈ నమ్మకం నిజమో కాదో తేలాలంటే మనుషులను అలాగే ఉంచి, వారు పనిచేసే పద్ధతిని మాత్రం మార్చి చూడాలి. అటువంటి పరీక్ష ప్రయోగశాలలో సాధ్యం కాదు. కానీ చరిత్రలో ఒకసారి దాదాపు అలాగే జరిగింది. దానిని చూసే ముందు ఆ కథకు పూర్వరంగం కొంత తెలియాలి.

పని పద్ధతిని ఒక శాస్త్రంగా నిర్మించాలన్న ప్రయత్నానికి ఫ్రెడరిక్ టేలర్ పేరు ముడిపడి ఉంది. 1911లో వెలువడిన ఆయన గ్రంథం ప్రపంచంలోని కర్మాగారాలను ప్రభావితం చేసింది. ప్రతి పనినీ చిన్న చిన్న కదలికలుగా విడదీయాలి, గడియారంతో కొలవాలి, అన్నిటికంటె మేలైన పద్ధతిని నిపుణులు నిర్ణయించాలి, కార్మికుడు దానిని ఆచరించాలి. ఇదీ ఆయన ఆలోచన. ఆలోచించే తల ఒకచోట, పనిచేసే చెయ్యి మరొకచోట అన్న విభజన అప్పటికే ఉన్నా, దానికి శాస్త్రమనే గౌరవం దక్కింది అప్పుడే. 1913లో హెన్రీ ఫోర్డ్ తన హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైనును ప్రవేశపెట్టాడు. పన్నెండున్నర గంటలు పట్టే కారు చట్రం కూర్పు కొద్ది నెలల్లోనే గంటన్నరకు దిగివచ్చింది. సామాన్యుడు కారు కొనగలిగాడు. ఈ ఫలితాన్ని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు.

అయితే ఆ లైను ముందు మనుషులు నిలబడలేకపోయారు. సుమారు 14,000 మంది పనివారిని నిలుపుకోవడానికి 1913లో ఫోర్డ్ కంపెనీ 52,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. వచ్చినవారు వచ్చినట్లే వెళ్లిపోయేవారు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటించడం ఔదార్యంగా ప్రచారమైంది గానీ, ఆ వలసను ఆపడం దాని వెనుక ఉన్న ముఖ్య కారణాలలో ఒకటి. డబ్బు మనిషిని లైను దగ్గర నిలబెట్టింది. అతడి బుద్ధిని మాత్రం ఎవరూ అడగలేదు.

అర్ధ శతాబ్దం తర్వాత ఆ విభజన ఎక్కడికి చేరిందో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్ పట్టణంలో చూడవచ్చు. అక్కడ జనరల్ మోటార్స్ సంస్థకు ఒక కార్ల కర్మాగారం ఉండేది. ఆ సంస్థ కర్మాగారాలలో దానికి ఉన్న అపకీర్తి అంతా ఇంతా కాదు. ఏ రోజు చూసినా ఐదుగురిలో ఒకరు పనిలోకి వచ్చేవారు కాదు. కార్మికులు పనివేళల్లో మద్యం సేవించేవారు. యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ మధ్య పరిష్కారం కాని ఫిర్యాదులు వందల సంఖ్యలో పేరుకుపోయేవి. కోపం వచ్చినవారు కారు తలుపు లోపల ఖాళీ సీసాను వదిలి మూసివేసేవారట; కొన్నవాడు ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలియక తల పట్టుకోవాలి. ఇవన్నీ చేసిన చేతులకు ఒక్క పని మాత్రం చేసే అధికారం లేదు. అది లైనును ఆపడం. ఎంత లోపమున్నా, ఇంజను వెనుకకు తిరిగి అమర్చబడినా, లైను కదులుతూనే ఉండాలి. లోపాలను చివరన వేరేవారు సరిచేస్తారు. 1982లో యాజమాన్యం ఆ కర్మాగారాన్ని మూసివేసింది. ఆ కార్మికులు బాగుపడరని అనుకున్నవారే ఎక్కువ.

ఆ తర్వాత జపాన్‌కు చెందిన టయోటా సంస్థ, జనరల్ మోటార్స్ కలిసి అదే భవనంలో ఒక ఉమ్మడి సంస్థను స్థాపించాయి. న్యుమ్మి అని పిలువబడిన ఆ సంస్థలో 1984 చివర ఉత్పత్తి ప్రారంభమైంది. నిర్వహణ టయోటాది. తీసుకున్న పనివారిలో అత్యధికులు పాత కర్మాగారం వారే. కార్మిక సంఘమూ పాతదే. యంత్రాలు కూడా మరీ అధునాతనమైనవి కావు. రెండేళ్లు గడిచేసరికి ఆ కర్మాగారపు ఉత్పాదకత, నాణ్యత జనరల్ మోటార్స్ కర్మాగారాలన్నిటికంటె మెరుగై, జపాన్‌లోని టయోటా కర్మాగారాలకు దాదాపు సమానమయ్యాయి. పనికి రానివారి సంఖ్య నూటికి మూడు ప్రాంతానికి తగ్గింది. మనుషులు వారే, గోడలు అవే. కనుక మార్పుకు కారణాన్ని మనుషుల పుట్టుకలో గాక మరెక్కడో వెతకాలి.

ఏమి మారిందో చూద్దాం. దాదాపు 450 మంది బృంద నాయకులను మూడు వారాల శిక్షణ కోసం జపాన్ పంపారు. వారు అక్కడ చూసినవాటిలో అందరికీ గుర్తుండిపోయినది ఒక తాడు. లైను పొడవునా ప్రతి కార్మికుడికీ చేతికందే ఎత్తులో అది వేలాడుతుంది. పనిలో ఇబ్బంది ఎదురైనా, లోపం కనిపించినా కార్మికుడు దానిని లాగుతాడు. వెంటనే దీపం వెలుగుతుంది, పాట వినిపిస్తుంది, బృంద నాయకుడు పరుగున వస్తాడు. వచ్చి మందలించడు, ఏమి సహాయం కావాలని అడుగుతాడు. నిర్ణీత సమయంలో సమస్య తీరకపోతే లైను ఆగిపోతుంది. లైను ఒక్క నిమిషం ఆగితే ఎంత నష్టమో తెలిసిన అమెరికన్ కార్మికులకు ఇది నమ్మశక్యం కాలేదు. పాత ఫ్రీమాంట్‌లో లైను ఆపినవాడి ఉద్యోగం ఊడేది. ఇక్కడ లోపాన్ని చూసీ ఆపనివాడిదే తప్పు.

తాడు చిన్న వస్తువే. కానీ ఒక సంస్థ తన ఉద్యోగి తీర్పును నమ్ముతున్నదా లేదా అన్నది దానితో తేలిపోతుంది. నమ్మకం గురించి గోడల మీద ఎన్ని నినాదాలైనా వ్రాయవచ్చు. డబ్బు ఖర్చయ్యే నిర్ణయాన్ని క్రింది మనిషి చేతిలో పెట్టినప్పుడే అది నమ్మకమవుతుంది.

మిగిలిన మార్పులు కూడా ఇదే దిశలో సాగాయి. ఈ పని నాది, ఆ పని నీది అని పదుల సంఖ్యలో ఉన్న ఉద్యోగ వర్గీకరణలను మూడు నాలుగింటికి కుదించారు. ఐదారుగురు సభ్యులతో బృందాలు ఏర్పడ్డాయి. ఒకరి పని మరొకరు నేర్చుకున్నారు. అధికారులకు ప్రత్యేకమైన భోజనశాల, కార్లు నిలిపే ప్రత్యేక స్థలం రద్దయ్యాయి. మేనేజరూ మెకానిక్కూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. ఇది పైకి మర్యాదకు సంబంధించిన విషయంగా కనిపించవచ్చు. నిజానికి మధ్యాహ్నం ప్రక్కన కూర్చుని తిన్న మనిషితో సాయంత్రం ‘అయ్యా, ఈ బోల్టు సరిగా కూర్చోవడం లేదు’ అని చెప్పడం తేలిక.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక అంశం ఉంది. న్యుమ్మిలో నియమాలు తక్కువేమీ కాదు. ఏ పని ఏ క్రమంలో, ఎన్ని సెకన్లలో చేయాలో అంతా వ్రాసి ఉండేది. టేలర్ చూస్తే సంతోషించేటంత కట్టుదిట్టంగా ఉండేది. తేడా అంతా గడియారం ఎవరి చేతిలో ఉందన్న దానిలోనే ఉంది. పూర్వం ఇంజనీరు దూరంగా నిలబడి కార్మికుడిని కొలిచేవాడు. కార్మికుడు అతడి ముందు కావాలని నెమ్మదిగా పనిచేసేవాడు. న్యుమ్మిలో బృంద సభ్యులకే ఆ గడియారం ఇచ్చి, ఒకరి పనిని ఒకరు కొలుచుకోవడం నేర్పారు. మేలైన పద్ధతి ఏదో చర్చించుకొని వారే వ్రాసుకున్నారు. రేపు ఇంకా మంచి పద్ధతి తోస్తే దానిని మార్చేదీ వారే. నియమం సృజనకు శత్రువని, కట్టుబాట్లన్నీ తెంచివేస్తే ప్రతిభ దానంతట అదే పొంగిపొరలుతుందని భావించేవారు ఈ ఉదాహరణను నిదానంగా పరిశీలించాలి. ఛందస్సు ఉన్నందువల్ల తెలుగు పద్యం చచ్చిపోలేదు గదా! నియమాన్ని మార్చే దారి మూసివేసినప్పుడే మనిషి మొద్దుబారుతాడు.

సూచనలు వేల సంఖ్యలో రావడం మొదలైంది. అయితే దీని వెనుక సహజమైన భయం ఒకటి ఉంది. ఒక పనిని ముగ్గురికి బదులు ఇద్దరే చేయగల ఉపాయం చెబితే, ఆ మూడో మనిషి గతి ఏమిటి? తన తెలివితో తన స్నేహితుడి ఉద్యోగం, లేదా తన ఉద్యోగమే పోగొట్టుకోవడానికి ఏ కార్మికుడు సిద్ధపడతాడు? చొరవ చూపమని కోరే యజమానులు ఈ ప్రశ్నకు ముందు సమాధానం చెప్పాలి. న్యుమ్మి యాజమాన్యం తీవ్రమైన సంక్షోభం వస్తే తప్ప ఎవరినీ తొలగించబోమని ఒప్పందంలో హామీ ఇచ్చింది. 1988 ప్రాంతంలో ఆ హామీకి పరీక్ష వచ్చింది. అక్కడ తయారైన కారు అమ్మకాలు పడిపోయాయి. కర్మాగారం సామర్థ్యంలో చాలా భాగం ఖాళీగా ఉండిపోయింది. అయినా పనివారిని ఇంటికి పంపలేదు. మిగిలిన వేళల్లో వారికి శిక్షణ ఇచ్చారు, పని పద్ధతులను మెరుగుపరిచే బృందాల్లో కూర్చోబెట్టారు. నినాదాల మీద నమ్మకం లేనివారికి కూడా ఆ తర్వాత నమ్మకం కుదిరింది.

ఇదంతా చూసిన జనరల్ మోటార్స్ సంస్థ అదే రాష్ట్రంలోని వాన్ నైస్ కర్మాగారంలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టబోయింది. తాడు వ్రేలాడదీశారు, బృందాలు ఏర్పరిచారు. కానీ లైను ఆగకుండా ఎన్ని కార్లు బయటికి పంపారన్న లెక్క మీదనే అక్కడి మేనేజర్ల పేరు ప్రతిష్ఠలు ఆధారపడి ఉండేవి. కాబట్టి తాడు ఉన్నా దానిని లాగడం వారికి ఇష్టం లేదు. బృంద పద్ధతి పేరుతో తమ హక్కులు లాక్కుంటున్నారని సంఘంలో ఒక వర్గం వ్యతిరేకించింది. తెచ్చిన వస్తువు అదే, అమర్చిన తీరూ అదే. దాని వెనుక ఉన్న విశ్వాసం మాత్రం రాలేదు. 1992లో వాన్ నైస్ కర్మాగారం మూతపడింది. సూచనల పెట్టెకు తాళం వేసి ఆ తాళంచెవి పోగొట్టుకున్న కార్యాలయాలు మన దేశంలోనూ తక్కువేమీ లేవు.

టయోటాలో సూచనల పద్ధతి 1951లో మొదలైంది. అంతకు ముందటి సంవత్సరం ఎయిజీ టయోడా అమెరికా వెళ్లి, ఫోర్డ్ కర్మాగారంలో ఆ పద్ధతిని చూసి వచ్చాడు. అంటే విత్తనం ఫోర్డ్‌దే. నేల వేరు కావడం వల్ల మొక్క వేరుగా పెరిగింది.

నిజమైన ప్రతిభ ఉన్నవాడికి సంస్థతో పని ఏమిటి, రాయిని చీల్చుకొని కూడా మొక్క మొలుస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. దీనికి సాక్ష్యంగా వారు చెప్పే పేరు తరచుగా శ్రీనివాస రామానుజన్‌ది. మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమస్తాగా పనిచేసినవాడు ప్రపంచ ప్రఖ్యాత గణిత శాస్త్రజ్ఞుడు అయ్యాడు గదా అంటారు. కథలో సగం మాత్రమే ఇది. 1912లో ఆయన చేరిన ఆ కార్యాలయంలో పై అధికారి నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవాడు. గుమస్తా తీరిక వేళల్లో చేసే లెక్కలను ఆయన తప్పుగా చూడలేదు. ప్రక్కన కూర్చుని పలక మీద తానూ చేశాడు. సంస్థ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొర కూడా ఆ యువకుడి ప్రతిభ పెద్దల దృష్టికి వెళ్లేటట్లు సహకరించాడు. 1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ వ్రాసినప్పుడు ఆయన వెనుక ఆ కార్యాలయం ఉంది. లెడ్జర్ల మధ్య కాగితాలు దొరికినందుకు జరిమానా విధించే అధికారి అక్కడ ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అలా పేరు తెలియకుండా పోయినవారిని లెక్కించే పుస్తకం ఏ కార్యాలయంలోనూ ఉండదు.

చొరవకు మరో పరీక్ష అపజయం. ప్రయత్నం ఫలించినప్పుడు అందరూ స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. విఫలమైనప్పుడు ఎవరిని ముందుకు నెడతారో దానిని బట్టి సంస్థ స్వభావం బయటపడుతుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు దారి తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికల వారి ముందుకు వెళ్లి బాధ్యత వహించినది మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. 1980 జులై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు ధావన్ వెనుక ఉండి, విలేఖరులతో మాట్లాడమని కలాంను పంపాడు. ఈ సంఘటనను కలాం తన జీవితాంతం ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. దీనిని ఒక వ్యక్తి ఔదార్యంగా చెప్పుకొని ఆనందించడం మంచిదే. దానికంటె ముఖ్యమైనది ఆ బృందంలోని యువ ఇంజనీర్లు నేర్చుకున్న విషయం. వైఫల్యానికి కారణాన్ని దాచవలసిన అవసరం వారికి లేకపోయింది. దాచనందువల్ల కారణం దొరికింది. దొరికినందువల్ల ఏడాదిలోపే విజయం సాధ్యమైంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన సంఘటన ఆరేళ్ల తర్వాత అమెరికాలో జరిగింది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకన్లకే ఛిన్నాభిన్నమై ఏడుగురు మరణించారు. రాకెట్టు భాగాల అతుకుల్లోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోయి పని చేయవన్న సంగతి వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లకు తెలుసు. రోజర్ బోయిజలీ అనే ఇంజనీరు ఆరు నెలల ముందే లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. ప్రయోగానికి ముందటి రాత్రి ఇంజనీర్లు టెలిఫోనులో గంటలకొద్దీ అభ్యంతరం చెప్పారు. నాసా అధికారులు అసహనం చూపారు; కంపెనీ పెద్దలు ఇంజనీర్లను ప్రక్కన పెట్టి తమలో తాము నిర్ణయం మార్చుకున్నారు. చొరవ లేదని ఆ ఇంజనీర్లను ఎవరు అనగలరు? వారు తమ తాడు లాగారు. ఆ తాడు దేనికీ కట్టి లేదు.

మన కార్యాలయాల సంగతికి వస్తే, పెద్దల పట్ల గౌరవమే మనవారి నోరు కట్టివేస్తుందన్న సమర్థన ఒకటి వినిపిస్తుంది. పై అధికారి పొరపాటును ఎత్తి చూపడం అవిధేయత అవుతుందని, మన సంస్కృతి అటువంటిదని అంటారు. ఇది నిలిచే వాదన కాదు. వయస్సుకూ హోదాకూ తల వంచి నమస్కరించడంలో జపాన్ దేశస్థులు ఎవరికీ తీసిపోరు. అక్కడే కార్మికుడు లైనును ఆపుతున్నాడు. గౌరవం వేరు, భయం వేరు. ‘అలాగేనండీ’ అన్న మాట రెండింటి నుంచీ రావచ్చు. వినేవాడికి ఆ తేడా తెలియకపోవడం వల్లనే చాలా సంస్థలు భయాన్ని క్రమశిక్షణగా పొరబడుతున్నాయి. ఈ అలవాటు ఉద్యోగంలో మొదలయ్యేది కూడా కాదు. గైడు పుస్తకంలోని జవాబును అక్షరం తప్పకుండా వ్రాసినవాడికి పూర్తి మార్కులు, సొంత మాటల్లో వ్రాసినవాడికి కోత అన్న పద్ధతిలో పెరిగిన విద్యార్థి ఉద్యోగంలో చేరిన మరునాడు సొంత ఆలోచన చెప్పాలంటే ఎక్కడి నుంచి తెస్తాడు? తరగతి గది కూడా ఒక పనిచోటే. అక్కడా ఒక తాడు ఉండాలి.

అన్ని చోట్లా ఒకే కొలత స్వేచ్ఛ ఇవ్వాలని కాదు. మందుల మోతాదు విషయంలో నర్సు, సిగ్నల్ విషయంలో రైలు డ్రైవరు సొంత కవిత్వం చేయకూడదు. కానీ మోతాదు తప్పుగా వ్రాసి ఉందని అనుమానం వచ్చిన నర్సు ఎంత పెద్ద డాక్టరునైనా ఆపి అడగగలిగే వాతావరణం ఉండాలి. రోగి ప్రాణం దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

పని తెలిసినవాడికే పనిలోని బాధ తెలుస్తుందన్నదానికి తెలంగాణలో ఒక మంచి ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీర నేయడానికి ముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును ఒక చేత్తో అటూ ఇటూ త్రిప్పుతూ ఉండాలి. ఒక్కొక్క చీరకు వేల సార్లు చెయ్యి కదలాలి. ఇది ఎక్కువగా ఇంటి ఆడవారి పని. ఆలేరు సమీపంలోని షారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక, పెద్దగా చదువు లేకపోయినా, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు పోసే యంత్రాన్ని తయారుచేశాడు. తల్లి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు. గంటలకొద్దీ పట్టే పని గంటన్నర ప్రాంతానికి తగ్గింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. విచిత్రమేమంటే, టయోటా కుటుంబపు మూలపురుషుడు సకిచీ టయోడా కూడా తల్లి రాత్రివేళ మగ్గం మీద పడే శ్రమను చూసే కొత్త మగ్గాలు కనిపెట్టాడు. పోగు తెగిన మరుక్షణం దానంతట అదే ఆగిపోయే మగ్గం ఆయనదే. కార్ల లైను ప్రక్కన వ్రేలాడే తాడుకు మూలం ఆ మగ్గంలో ఉంది.

మల్లేశం విజయాన్ని చొరవకు నిదర్శనంగా చెప్పుకుంటాం. ఆయన పడిన ఇబ్బందులను మాత్రం వ్యవస్థకు నిదర్శనంగా చెప్పుకోం. డబ్బు కోసం అప్పులు చేశాడు, పనిలేనివాడన్న మాటలు పడ్డాడు. ఆసు పోసే ఇళ్లు వందలాదిగా ఉన్నాయి. ఆ నొప్పి తెలిసిన చేతులూ అన్ని ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి ఉపాయం తోచిందో, తోచి కూడా మరుసటి వారం మాస్టర్ వీవరుకు చీర అప్పగించాలన్న తొందరలో ఎన్ని ఆగిపోయాయో తెలిసే మార్గం లేదు. ముక్కకు ఇంత కూలి అన్న లెక్కలో పనిచేసే నేతగాడు ఒక కొత్త పద్ధతిని ప్రయత్నించి విఫలమైతే నష్టమంతా అతడిదే. ఫలిస్తే లాభం మాత్రం పంచుకోవలసి ఉంటుంది. ఈ లెక్క మారకుండా చొరవ చూపమని అతడికి ఉపన్యాసం చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

న్యుమ్మికి కూడా ఒక హద్దు ఉండేది. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి ఆ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. ఒంటరిగా నడపడం లాభసాటి కాదని టయోటా నిర్ణయించింది. 2010 ఏప్రిల్ 1న అక్కడ చివరి కారు తయారైంది. సుమారు 4,700 మంది ఉపాధి కోల్పోయారు. ఆ రోజున కూడా వారి పనిలో లోపం ఉందని ఎవరూ అనలేదు. పాతికేళ్ల పాటు లైనును ఆపే అధికారం వారికి ఉంది. కర్మాగారాన్ని మూసివేసే నిర్ణయం మాత్రం రెండు దేశాల్లోని కేంద్ర కార్యాలయాల్లో జరిగింది.